నిలబడే నొప్పి

మిషన్ పలక ముక్కు మీదకి వచ్చి ఆగింది. ఆగిందనుకునేలోపు ఇంకో బెత్తెడు దిగింది. "కళ్లు మూసుకోండమ్మా, భయం వెయ్యదు," అన్నాడు బట్టతలాయన తలవైపు ఎక్కడో నిలబడి. ఆమె మూసుకోలేదు. కళ్లు మూసుకోండి అనే మాట ఆమె ఇన్నేళ్లుగా పార్లరులో రోజూ అంటూనే ఉంది, నురగ పడుతుందనీ, రంగు చుక్క చిందుతుందనీ. అసలు కారణం అది కాదని ఆ మాట అనేవాళ్లకే తెలుసు. కళ్లు మూసుకున్న మనిషి ప్రశ్నలు వెయ్యదు. చేతులు ఒంటికి ఆనించి గుడ్డపట్టీ చుట్టాడు, కాలి బొటనవేళ్లు రెండూ దగ్గరికి లాగి టేపు అంటించాడు, పొట్లం కట్టినట్టు. "కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది, మళ్లీ మొదట్నించీ తియ్యాలి." కదలనని మాటిచ్చింది. ఇచ్చిన మరుక్షణం ముక్కు దురద పెట్టింది. కుర్చీలో కూర్చున్న వాళ్లందరినీ కదలొద్దు, కదిలితే చెవి తెగి చేతిలోకొస్తుంది అని బెదిరించిన ఉసురు ఊరికే పోతుందా. పలక తెల్లగా, వెడల్పుగా, వంటింటి అటకంత దగ్గరగా ఉంది. అటక మీద ఏముందో తెలియదు. లోపల ఏదో సన్నగా గుర్రుమంటోంది, నిద్రలో పిల్లి గుర్రుమన్నట్టు.

గదిలో చలి. ఎముకలు కొరికే చలి అంటారు కదా అనుకుంది, అనుకుని తన మాటకి తనే ఉలిక్కిపడింది. ఎన్నిసార్లు అని ఉంటుంది ఆ మాట, ఒక్కసారైనా ఎముకలు అనే మాట చెవికి తగిలిందా? చిన్నప్పుడు గోడ దూకితే బొమికలు విరగ్గొడతానని అమ్మ. జ్వరం వచ్చి లేస్తే ఎముకలగూడు అయిపోయావే అని అమ్మ. ఒంట్లో ఉన్నవాటిని ఒక్కసారి కూడా చూడకుండానే బతుకంతా వాటి పేరు వాడేసుకుంది, పక్కింటివాళ్ల నిచ్చెన వాడుకున్నట్టు. ఇప్పుడు వాటి బొమ్మ తీస్తున్నారు. చర్మం డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది, చక్కెర పూత పెట్టకుండా. జబ్బు ఎముకల్లోకి దిగకపోతే మొత్తంగా పోగొట్టడానికే చూస్తాం. దిగితే ఇక పోగొట్టడం కాదు, అదుపులో పెట్టడం. ఎన్నాళ్లు అదుపులో ఉంటుందని అడిగితే, "ముందు బొమ్మ రానివ్వండి," అంది. ఆ మాటలు వింటున్నంతసేపూ ఆమె చూపు డాక్టరమ్మ జుట్టు మీదే ఉంది. ఆ పిల్ల జుట్టు తనే కత్తిరించుకుంటుంది, కుడివైపు ఒక వేలెడు పొడుగు. ఇంత చదువు చదివి ఇదేం ఖర్మ, ఒక్కసారి మా పార్లరుకి రామ్మా అనబోయి నాలుక కరుచుకుంది. మనసు అంతే. చావు కబురు చెబుతుంటే జడ చూస్తుంది.

పలక కదిలింది. ఎంత నెమ్మదంటే, కదిలిందని కాదు, తన కనుబొమల మధ్య నుంచి ఒక చల్లదనం కణతల వైపు జరిగిందని తెలిసింది. తల బొమ్మ తీస్తున్నాడు కాబోలు. తల! తలల గురించి నాకంటే నీకేం తెలుసయ్యా అనుకుంది పలకతో. ఈ చేతులతో ఎన్ని తలలు కడిగింది. చూపుకి జుట్టే, వేళ్లకి మాత్రం పుర్రె. ఒక్కో పుర్రెది ఒక్కో దారి. కొందరికి వెనక పలకలా చదును, కొందరికి నడినెత్తిన గట్టు, కొందరికి చెవి వెనక ఎప్పుడో ఉయ్యాలలోంచి పడ్డ సొట్ట, వాళ్లకే తెలియని సొట్ట. పుర్రె అని ఎప్పుడూ అనుకోలేదు, తల అనుకుంది. తొట్టి అంచున మెడ ఆనించి వెనక్కి వాల్తారు. వాలినా తల బరువు ఇవ్వరు. మెడలో ఎక్కడో పట్టుకునే ఉంటారు, మర్యాదస్తులు, నీకెందుకమ్మా శ్రమ అన్నట్టు. గోరువెచ్చని నీళ్లు పోస్తూ నుదుటి మీద నుంచి వెనక్కి రెండుసార్లు నిమిరితే, ఉన్నట్టుండి వదిలేస్తారు. అప్పుడు బరువు వచ్చి అరచేతిలో పడుతుంది. అబ్బో, తల ఎంత బరువో! నిండు బిందె. ప్రతిసారీ ఆశ్చర్యమే. ఈ బరువునా ఈ మనిషి పొద్దుటి నుంచి ఒక సన్నటి మెడ మీద మోసుకు తిరుగుతోంది అనిపించేది. వదిలేసిన తర్వాతే మాటలు వస్తాయి, ఎవరికీ చెప్పని మాటలు. బ్యాంకు మేనేజరమ్మ ఒకావిడ, అందరినీ గడగడలాడించే మనిషి, కళ్లు మూసుకుని తన తొట్టిలో అరగంట ఏడ్చి, లేచి, "మీ షాంపూ కళ్లు మండిస్తోంది," అని వెళ్లిపోయింది. మండించే షాంపూ తన దగ్గర ఎప్పుడూ లేదు. ఇప్పుడు ఈ బల్ల మీద తన మెడ ఎలా ఉందో చూసుకుంది. బిగించే ఉంది. బల్లకి బరువు ఇవ్వడం లేదు. ఇస్తే ఏం అడుగుతుందోనని. కొంచెం కొంచెంగా వదిలింది, గట్టి దిండులోకి తల దిగింది, ఆ దిగడంతో పాటే మనసు కూడా జారి ఎక్కడికో పోయింది.

గోరు దగ్గరికే పోయింది, ఇంకెక్కడికి పోతుంది. ఎడమచేతి బొటనవేలి గోరులో సన్నటి నల్లగీత, పెన్సిలుతో నిలువుగా గీసినట్టు. జుట్టుకి రంగులేసే చెయ్యి కదా. గ్లౌజు తొడిగితే జుట్టుపాయ వేళ్ల మధ్య నిలవదు, జారిపోతుంది. అందుకని ఎడమ గ్లౌజు బొటనవేలి కొసని కత్తెరతో కత్తిరించి పారేసేది. ఆ పార్లరులో చెయ్యి తిరిగిన వాళ్లందరూ చేసే పనే అది. రంగు ఎంత పట్టిందో, పాయ ఇంకెంత తడిగా ఉందో బొటనవేలికి తెలుస్తుంది, రబ్బరుకేం తెలుస్తుంది? అలా ఆ వేలు ఎప్పుడూ నల్లగానే ఉండేది. రోజూ ఉండే నలుపు పక్కన ఇంకో నలుపు వచ్చి కూర్చుంటే, పెళ్లిపందిట్లో పిలవని చుట్టం కూర్చున్నట్టు, ఎవరు ఆరా తీస్తారు? ఆడపడుచు చూసింది. పార్లరులో తలలు ఆమెవి, గోళ్లూ పాదాలూ ఆడపడుచువి. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు గానీ, ఈ ఆడబిడ్డ ఒకటిన్నర మొగుడు.

"ఏంటి వదినా ఇది? లోకంలో వాళ్ల గోళ్లన్నీ నేను అద్దాల్లా మెరిపిస్తుంటే, మా వదిన గోరు బొగ్గుల కొట్టులా ఉంటే నా పరువేం కావాలి?"

"నీ పరువు నా గోట్లో ఉందా? ఎక్కడ పోగొట్టుకున్నావో అని వెతుకుతున్నాలే."

నిమ్మచెక్కతో రుద్దింది ఆడపడుచు. సోడాపొడి పెట్టి రుద్దింది. ఆకురాయి పెట్టి అరగదీసింది. గీత పోలేదు. పోకపోతే పీడాపోయిందని దానిమ్మగింజ రంగు పాలిష్ రెండు పూతలు వేసి, ఉఫ్ ఉఫ్ అని ఊది, "ఇక కనపడదులే," అంది. కనపడలేదు. ఆ ఎర్రటి తెర వెనక గీత గీతలా ఉండక వెడల్పయింది, గోరు మొదట్లో చర్మం మీదకి పాకింది, ఒకరోజు గోరు నిలువునా చీలి నెత్తురు కారితే అప్పుడు వెళ్లారు డాక్టరమ్మ దగ్గరికి. చర్మం క్యాన్సర్, మెలనోమా అంది. "పేరు మాత్రం పిల్లదానికి పెట్టుకునేలా ఉంది," అంది ఆడపడుచు బయటికొచ్చాక, అని మెట్ల మీద కూలబడి భోరుమంది. బొటనవేలు కణుపు వరకూ తీసేశారు. ఆరోజు ఆపరేషన్ ఆమెకి జరిగితే, స్ట్రెచరు ఎక్కింది ఆమె మొగుడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, పది అంతస్తుల చీకటి గొయ్యిలో తాడు పట్టుకుని వేలాడే మనిషి, ఆస్పత్రి వాసనకి దభీమని పడ్డాడు. నర్సులు ఈవిడని వదిలేసి ఆయన మొహాన నీళ్లు కొట్టారు. అందుకే ఇవాళ ఆయన రాలేదు, రావద్దంది. ఇప్పుడు ఏ లిఫ్టు గొయ్యిలో ఉన్నాడో, తలెత్తి పైన సన్నటి వెలుతురు చూస్తూ.

చంకలో గ్రంథి తీసి చూస్తే కొంచెం జబ్బు జాడ ఉందన్నారు. మందు ఎక్కించారు. ఆమె చూపుడువేలికీ నడిమి వేలికీ మధ్య పాయ పట్టడం నేర్చుకుంది, చాలామందికి తేడా కూడా తెలియలేదు. అయిపోయింది, గండం గడిచింది, వేలు పోతేనేం తల దక్కింది అనుకుంది. అప్పుడు మొదలైంది ఎడమ తుంటిలో నొప్పి. అబ్బే, అదేం నొప్పి? అది నిలబడే నొప్పి. పార్లరులో ఎవరికి లేదు? పొద్దున్న నిలబడితే దీపాలు ఆర్పేదాకా నిలబడే ఉద్యోగం, నడుము నొప్పి లేదంటే పని దొంగ అన్నట్టు. ఒకళ్ల తుంటి, ఒకళ్ల మడమ, ఒకళ్ల పిక్క. మధ్యాహ్నం జనం పలచబడితే వరసగా గోడకి వీపులానించి, కాళ్లు చాపి, ఎవరి నొప్పి గొప్పదో పోటీలు పెట్టుకునేవాళ్లు. ఆ పోటీలో తన నొప్పిని కూడా చేర్చింది. నొప్పి కూడా మర్యాదగా ఆ వరసలో కూర్చుంది, ఇంకో పిలవని చుట్టం. ఇంటికెళ్లాక ఆయన అరచెయ్యి వేడి చేసి తుంటి మీద అదిమేవాడు. "ఇక్కడేనా? ఇక్కడేనా?" ఆయన చెయ్యి సరిగ్గా దాని మీదే ఉన్నా, ఇంకొంచెం పక్కకి అనేది. ఎందుకన్నదో ఇప్పుడు అర్థమవుతోంది. నిలబడే నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటేనే మేలుకుంటుంది. ఆ సంగతి ఒంటికి తెలుసు, నోటికి చెప్పలేదు, అంతే. నిలబడే నొప్పే కావాలి. దేవుడా, ఇది ఉత్త నిలబడే నొప్పే కావాలి, ఇంకెన్నేళ్లయినా నిలబడతాను, కూర్చోమన్నా కూర్చోను.

పలక ఛాతీ మీదకి వెళ్లింది. ఇప్పుడు పైకప్పు కనిపిస్తోంది, ఒక మూల తేమ మరక. మెడ తిప్పకుండా కనుగుడ్లు మాత్రం ఎడమవైపు తిప్పితే బట్టతలాయన కూడా కనిపిస్తున్నాడు. పక్కకి తిరిగి కుర్చీలో కూర్చుని తెర చూస్తున్నాడు. తెర అటువైపుంది. పొద్దున సూది ఇచ్చింది కూడా ఈయనే. మందు నరంలోకి పోతుంటే ఏమీ అనిపించలేదు, అందుకే భయం వేసింది. "ఇదేం చేస్తుంది అన్నయ్యా?" అంటే, "పోయి ఎముకలకి అంటుకుంటుందమ్మా. అక్కణ్నించి సన్నగా వెలుగుతుంది. మన కంటికి కనపడదు, ఈ మిషన్‌కి కనపడుతుంది," అన్నాడు. "మరి మిషన్లోంచి కిరణాలేవో వస్తాయన్నారు?" "రావు. మిషన్ మీలోకి ఏదీ పంపదు. మీలోంచి వచ్చేది పట్టుకుంటుంది, అంతే." తర్వాత వేరే గదిలో కూర్చోబెట్టారు, నీళ్లు తాగమన్నారు, తాగింది, తాగింది, చెరువు తాగింది. గర్భిణులూ పసిపిల్లలూ దగ్గరికి రాకూడదని తలుపు మీద బోర్డు. గుమ్మంలో నిలబడి ఆడపడుచు.

"లోపలికి రావచ్చా వదినా?"

"కడుపుతో ఉన్నవాళ్లు రాకూడదంట."

"ఈ వయసులో నాకు కడుపొస్తే పేపర్లో వేస్తారు. జరుగు," అంటూ వచ్చి పక్కన కూర్చుని, ఆమె మొహంలోకి పరీక్షగా చూసి, "ఏం వెలగట్లేదే నువ్వు. మోసం చేశారు," అంది.

నవ్వింది అప్పుడు. ఇప్పుడు, బల్ల మీద, పొట్లంలో, ఆ మాట మళ్లీ వచ్చి మీద కూర్చుంది. నిజంగానే వెలుగుతోందా? ఈ క్షణాన? చర్మం కింద, కండ కింద, ఎప్పుడూ ఒక్క వెలుతురు చుక్క సోకని చోట, పుట్టినప్పటి నుంచి చీకట్లోనే ఉన్న పక్కటెముకల మీద, వెన్నుపూసల మీద ఒక్కొక్కటే దీపం పెట్టినట్టు! చీకటింట్లో తలుపులన్నీ తోసుకుంటూ ఎవరో దీపం పట్టుకుని తిరుగుతున్నట్టు. ఆ ఇంట్లోనే ఇన్నేళ్లూ ఉంది తను, ఒక్క గదీ చూడలేదు. చర్మాన్నే చూసుకుంది. చర్మానికే పసుపు, చర్మానికే మీగడ, చర్మానికే అద్దం. వచ్చినవాళ్లందరి చర్మాలనీ నునుపు చేసి పంపింది. లోపల ఎవరో నిలబడి ఇదంతా మోస్తున్నారన్న ఊహే రాలేదు. అమ్మ కడుపులో ఉండగానే కట్టడం మొదలెట్టి ఉంటారు ఈ ఇంటిని, చేత్తో ముట్టుకోకుండా, తాపీ లేకుండా, మేస్త్రీ లేకుండా. ఎవరు చెప్పారు వాటికి, ఇక్కడ వంపు తిరగాలని, ఇక్కడ గిన్నెలా గుండ్రంగా ఉంటే తొడ తిరుగుతుందని? భయం ఇంకా ఉంది, పోలేదు. కానీ భయం పక్కనే ఇంకేదో వచ్చి నిలబడింది, దాని ముందు భయం కొంచెం పొట్టిగా కనిపించింది.

తెర వెలుగు బట్టతల మీద పడుతోంది. అది గమనించింది ఆమె, గమనించి ఊపిరి కూడా తగ్గించింది. తెర కనపడకపోతేనేం, తల కనపడుతోంది. జుట్టున్న తలనే వేళ్లతో చదివేది, ఇది అరటిపండు ఒలిచి పెట్టినట్టుంది. కణతల మీద కండ పళ్లు బిగిస్తే ఎగురుతుంది. నెత్తి మీద చర్మం ఆశ్చర్యానికి వెనక్కి జరుగుతుంది, చెవులు వెంట్రుకవాసి లేస్తాయి. అద్దంలో మొహాలు అబద్ధం చెబుతాయి, బాగుందండీ అంటాయి. నచ్చలేదని వెనక నుంచి నెత్తి చెప్పేస్తుంది. పలక ఛాతీ మీద ఉంది. కుడివైపు ఎక్కడో దాటుతుండగా కణత ఒక్కసారి ఎగిరింది. దగ్గు ఆపుకుని ఉంటాడు. పలక బొడ్డు మీదకి వచ్చింది, నెత్తి కదల్లేదు, చూశావా, ఏమీ లేదు. పలక దిగుతోంది. తుంటి. ఆమెకి తెలుసు అది తుంటి మీద ఉందని, ఆ పలక కింద నొప్పి తలెత్తి చూస్తోంది, పేరు పిలిస్తే పిల్ల చూసినట్టు. చూడకు, పడుకో. ఆయన నెత్తి మీద చర్మం నెమ్మదిగా వెనక్కి జరిగింది. చెవులు లేచాయి. చాలాసేపు దిగలేదు.

మోకాళ్లు, పిక్కలు, పాదాలు. పలక ఎక్కడికెళ్లినా ఆమె తుంటి దగ్గరే ఉండిపోయింది. ఆయన లేచాడు. ఫోను తీసి వెనక్కి తిరిగి ఏదో అన్నాడు, డాక్టరుగారూ అన్న మాట ఒక్కటే వినపడింది, తర్వాత ఊఁ, ఊఁ, సరేనండి. దగ్గరికొచ్చి, ఆమె కళ్లలోకి కాకుండా నుదుటి మీదకి చూస్తూ, "ఇంకొక్క బొమ్మ తీస్తానమ్మా. ఎడమవైపు. ఒక్క నిమిషం," అన్నాడు. కత్తెర పట్టినవాళ్లు ఒక్క నిమిషం అన్నారంటే ఏమిటో ఆమెకి తెలియదా. ఎన్నిసార్లు అంది తను, చెవి పక్కన ఒక పాయ ఎక్కువ తెగినప్పుడు, ఒక్క నిమిషమండీ, ఇటు సరిచూస్తాను. సరిచూసేది జుట్టుని కాదు, ఈ సంగతి ఎలా చెప్పాలా అని. మళ్లీ పలక వచ్చింది. ఈసారి పక్క నుంచి, తుంటికి ఆనించినంత దగ్గరగా. గుర్రుమంటోంది. ఆ నిమిషం ఎంత పొడుగో. ఆ నిమిషంలో అమ్మ వచ్చింది, పడిన ఆమెని లేపి మోకాలు తట్టి, ఎముక గట్టిది, ఏం కాలేదు లే అంది. ఆయన వచ్చాడు, వేడి అరచెయ్యితో, ఇక్కడేనా? అవును, అక్కడే. మొదటి నుంచీ అక్కడే. సరిగ్గానే పట్టుకున్నావు, నేనే పక్కకి జరపమన్నాను. వెళ్లగానే చెప్పాలి ఆయనకి, పడిపోకుండా ముందు కూర్చోబెట్టి.

పలక లేచి వెనక్కి పోయింది. పట్టీ విప్పాడు, టేపు ఊడదీశాడు. ఆమె అలవాటుగా మోచేతి మీద లేచి ఎడమకాలు బల్ల కిందికి వేలాడేసింది.

"అమ్మా, దిగొద్దు!"

గది అదిరేలా అరిచాడు. అరిచినందుకు తనే కంగారుపడి, గొంతు తగ్గించి, "ఆ కాలు కింద పెట్టకండి. చక్రాల కుర్చీ తెమ్మన్నాను," అన్నాడు.

"నడిచే వచ్చాను కదా అన్నయ్యా."

"వచ్చారమ్మా," అన్నాడు.

రిపోర్టు వచ్చేసింది. ఏ డాక్టరూ చదవలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు. వచ్చారమ్మా అన్న ఆ ఒక్క మాటలో మొత్తం ఉంది. ఇంతకాలం మోసిన తుంటి ఇప్పుడు ఒక్క అడుగుకి విరగొచ్చు అని ఉంది. పోగొట్టడం కాదు, అదుపులో పెట్టడం అని ఉంది. పడిపోతాననుకుంది. ఎక్కడి నుంచో కింద పడటం మొదలవుతుందనీ, అడుగు అంటూ ఉండదనీ. ఇంటాయన ఎప్పుడో చెప్పాడు, తాడు తెగితే లిఫ్టు పడిపోతుందనుకుంటారే పిచ్చిజనం, పడదు, రెండువైపులా దవడలుంటాయి, పట్టాలని కరుచుకుని ఆపేస్తాయి, పెద్ద చప్పుడవుతుంది, అంతే. పెద్ద చప్పుడయింది లోపల. తర్వాత నిశ్శబ్దం. ఆమె పడలేదు. కాలు పట్టుకుని జాగ్రత్తగా పైకి తీసి, బల్ల మీద పెట్టుకుంది, ఎవరో అప్పగించిన గాజుసామానులా.

"ఒక్కసారి చూపించు అన్నయ్యా."

"నేను చెప్పకూడదమ్మా. డాక్టరుగారే..."

"చెప్పమనలేదు. చూపించమన్నాను. నా బొమ్మే కదా."

ఆయన తలుపు వైపు చూశాడు. నున్నటి నెత్తి మీద చెయ్యి వేసి రుద్దుకున్నాడు. తర్వాత తెరని పట్టుకుని, నెమ్మదిగా, ఆమె వైపు తిప్పాడు.

మొదట ఆమెకి అది బొమ్మ అనిపించలేదు. తెల్లటి నేల మీద ఎవరో బూడిద చల్లినట్టు, చుక్కలు, చుక్కలు, వేలకు వేల చుక్కలు. చూస్తూ ఉండగా చుక్కలు దగ్గరికి జరిగి మనిషయ్యాయి. గుండ్రటి తల, కళ్లున్నచోట రెండు నీడలు. మెడ ఎంత సన్నమో, అంత బరువైన తలని ఆ సన్నటి పూసల మీద పెట్టి ఎవరు నిలబెట్టారో. భుజాలు తక్కెడలా సమంగా. పక్కటెముకలు ఒకదాని కింద ఒకటి, దువ్వెన పళ్లంత వరసగా, ఒక్కటి కూడా పక్కదాని మీద పడకుండా. వెన్ను, మధ్యలో, పేనినట్టు. కిందుగా రెండు చిక్కుడుగింజల్లాంటి మూత్రపిండాలు, పొద్దుటి నుంచి తాగిన నీళ్లతో తంటాలు పడుతూ. కటి ఒక గిన్నె, ఏ కుమ్మరీ తిప్పలేనంత నునుపైన గిన్నె. ఎడమ చేతి చివర బొటనవేలు సగమే, అవును, తనే. తనే! ఎవరో రాణిని చూస్తున్నట్టు నోరు తెరిచి చూసింది. ఇంత అందం, ఇంత పొందిక, ఇంతకాలం ఒక్క పొగడ్త కూడా అందుకోకుండా చీకట్లో నిలబడి, తను జుట్టు కత్తిరిస్తుంటే మోసింది, నవ్వుతుంటే మోసింది, మెట్ల మీద కూలబడి ఏడ్చిన ఆడపడుచుని లేపుతుంటే ఆ బరువు కూడా మోసింది. అప్పుడు కనపడ్డాయి నల్లటివి. బూడిదరంగు మధ్యలో చిక్కటి నలుపులు. కుడి పక్కటెముకల మీద ఒకటి. వెన్నులో రెండు. ఎడమ తుంటిలో పెద్దది, సిరా ఒలికినట్టు, తొడ ఎముకలోకి కొంచెం జారి.

"ఆ నల్లటివేనా జబ్బు?"

ఆయన తెర మీది నలుపుల వైపు చూశాడు. "జబ్బు సంగతి నేను చెప్పకూడదమ్మా. మందు సంగతి చెప్తాను. మందు జబ్బుకి అంటుకోదు. ఎముక ఎక్కడ కష్టపడి తనని తాను మళ్లీ కట్టుకుంటోందో అక్కడికి ఎక్కువ పోతుంది. ఎముక ఎప్పుడూ కట్టుకుంటూనే ఉంటుంది, అందుకే బొమ్మంతా లేతగా కనపడుతోంది. ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడ పని ఎక్కువ. అక్కడ నల్లగా కనపడుతుంది."

"అంటే ఆ నలుపు..."

"మీ ఎముక చేస్తున్న పని."

తలుపు భుజంతో తోసుకుని ఆడపడుచు వచ్చింది, ముందు చక్రాల కుర్చీ, వెనక తను. కుర్చీ ఎందుకో ఎవరూ చెప్పినట్టు లేరు, లేదా చెప్పకుండానే తెలిసింది, మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. తెర మీద చూపు పడింది.

"ఎవరిది వదినా అది?"

"నాదే."

ఆడపడుచు తెరకేసి చూసింది, బల్ల మీదకి చూసింది, మళ్లీ తెరకేసి చూసింది. "అబద్ధం. దీనికి నడుముంది."

ఇద్దరూ నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆడపడుచు కళ్లు తుంటి దగ్గర ఆగాయి, అక్కణ్నించి వెన్ను, అక్కణ్నించి పక్కటెముకలు. కుర్చీ పిడి మీద వేళ్లు బిగిశాయి. నల్లగీతని ఆకురాయితో అరగదీసిన వేళ్లు. "అవేంటి?" అంది, చిన్నపిల్ల గొంతుతో.

ఆమె ఇంతవరకూ ఆ మాట ఎవరితోనూ అనలేదు, తనతో కూడా. ఇప్పుడు అనేసింది, మామూలుగా, ఊరిపేరు చెప్పినట్టు. "ఎముకల్లోకి దిగిందే."

ఆడపడుచు ఏడవలేదు. కుర్చీని బల్ల పక్కకి తోసుకొచ్చి ఆపింది.

"ఇటు చూడు," అంది ఆమె, తెరకేసి చూపిస్తూ. "ఆ నలుపు జబ్బు కాదంట. జబ్బు వచ్చి కూలదోస్తుంటే నా ఎముకలు చుట్టూ చేరి మళ్లీ కడుతున్నాయంట. ఎవరూ చెప్పకుండానే. నాకు కూడా తెలియకుండానే. ఇప్పుడు మనం మాట్లాడుకుంటుంటే కూడా."

ఆడపడుచు ముక్కు ఎగబీల్చింది. "నీ ఎముకలు కదా. సెలవు తీసుకోమంటే మాత్రం తీసుకుంటాయా?"

బట్టతలాయన కుర్చీ చక్రాలకి బిగింపు వేశాడు. చంకల కింద చేతులు వేసి ఆడపడుచు లేపింది, ఆయన కాలు పట్టుకున్నాడు, ఎడమకాలు నేలకి తగలకుండా, అంగుళం అంగుళం, ఇద్దరూ ఆమెని దించారు. కూర్చున్నాక కాళ్ల మీద దుప్పటి కప్పారు. డాక్టరమ్మ పైన ఎదురుచూస్తోందని చెప్పాడాయన, ఎముక విరక్కుండా లోపల ఊచ ఎలా వెయ్యొచ్చో మాట్లాడతారని, ఆపైన మందుల సంగతి. అలాగేలెండి అంది ఆడపడుచు, కుర్చీని తలుపు వైపు తిప్పబోయింది.

"ఆగవే. ఇంకొంచెంసేపు చూడనీ."

ఆడపడుచు ఆగింది. కుర్చీని మళ్లీ తెర వైపు తిప్పి, తనూ పక్కన నిలబడింది. ఆయన దీపం తగ్గించాడు, బొమ్మ ఇంకా బాగా కనపడాలని. పడుకోబెట్టి, చేతులు కట్టి, కదలొద్దని తీసిన బొమ్మ అది. తెర మీద మాత్రం ఆమె నిటారుగా నిలబడి ఉంది.